మేస్త్రీ వంతు

ఎల్లప్ప కుడి చేతిని ముందుగా చొక్కాలోకి పంపాలి. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి ఆయన మాట వినదు, అందుకని దానికే ముందు మర్యాద. తర్వాత ఎడమ చెయ్యి, ఆ తర్వాత గుండీలు. నాగవ్వ ఈ వరస ఒక్కనాడూ తప్పలేదు. భర్త తలకు ఇంత నూనె రాసి, పాపిట తీసి, మిగిలిన జిడ్డును తన కొంగుకే తుడుచుకుని, చంకల కింద చేతులు వేసి లేపింది. గది గడప నుంచి షెడ్డులోని కుర్చీ దాకా పదకొండు అడుగులు. అందులో తొమ్మిది ఆమె వేయించేవి, ఆఖరి రెండు మాత్రం ఆయన సొంతంగా వేస్తాడు. అప్పటికి షెడ్డు తలుపు తీసి ఉంటుంది, రోడ్డు మీద నలుగురూ చూస్తుంటారు కదా.

కుర్చీ అంటే మామూలు కుర్చీ కాదు. తుక్కుకు పోయిన ఒక లారీ డ్రైవరు సీటుకు ఇనుప కాళ్లు అతికించింది. అందులో కూర్చోబెట్టి, పనిచెయ్యని చేతిని ఒళ్లో సర్ది, పనిచేసే చేతిని కుర్చీ చెయ్యి మీద పెట్టాక ఎల్లప్ప మళ్లీ మేస్త్రీ అవుతాడు. మెడ నిలబడుతుంది. చూపులో ఒక అధికారం వస్తుంది. ఆ మార్పు చూడటానికే నాగవ్వ పొద్దున్నే ఇంత తంటాలు పడుతుందేమో అనిపిస్తుంది.

తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో ఆ రేకుల షెడ్డు తెలియని లారీ డ్రైవరు లేడు. సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు, సరిహద్దు అవతలి నుంచి కన్నడం మాట్లాడుకుంటూ వచ్చే లారీలు అన్నీ దాని ముందు నుంచే పోవాలి. లైటు వెలగకపోయినా, సెల్ఫ్ తిరగకపోయినా, హారను గొంతు పోయినా "ఎల్లప్పకు వినిపించు" అనేవారు. చూపించు అనేవారు కాదు. ఎందుకంటే ఆయన ముందు బండి కింద దూరేవాడు కాదు. బయట నిలబడి, కళ్లు మూసుకుని, మోటారు తిరిగే చప్పుడు వినేవాడు. విని, ఎక్కడ ఏం పోయిందో చెప్పేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారే తప్పు చెప్పాడని ఆయనే ఒప్పుకున్నాడు, అప్పుడు కూడా పక్కన పెళ్లి బ్యాండు మోగుతోందట.

మరి నాగవ్వ? దౌల్తాబాద్ దగ్గరి పల్లె నుంచి పెళ్లయి వచ్చినప్పుడు ఆమెకు కరెంటంటే స్విచ్చు నొక్కితే వెలిగేదని మాత్రమే తెలుసు. మొదట కాలిపోయిన మోటార్లలోంచి రాగితీగ విప్పడం నేర్చుకుంది, తర్వాత కొత్త తీగ చుట్టడం. కూతురు నిరోషాను ఒళ్లో పడుకోబెట్టుకుని గడపలో కూర్చుని చుట్లు లెక్కపెట్టేది. పాట పాడితే లెక్క తప్పుతుందని అసలు పాడేదే కాదు, ఆ పిల్ల ఒకట్లూ రెండ్లూ జోలపాటగా విని పెరిగింది. ఆ మోటార్లు చుట్టింది ఆమె అని డ్రైవర్లకు తెలియదు. తెలియాలని ఆమెకూ తోచలేదు.

ఆయనకు కుడిపక్క, నోటిమాట రెండూ ఒకే పొద్దున పోయాయి. మిగిలింది "ఆ" అనే ఒక్క శబ్దం. నాగవ్వ పానా పట్టుకుని లారీ ఎక్కింది. ఎక్కిందేగానీ, చీర కట్టుకున్న మనిషి డ్యాష్‌బోర్డు కింద తల పెడితే డ్రైవర్లకు బండి మీద బెంగ పట్టుకునేది. అప్పుడు పుట్టింది వేళ్ల పద్ధతి. డ్రైవరు బండి స్టార్టు చేస్తాడు. కుర్చీలో ఎల్లప్ప వింటాడు. విని ఎడమచేతి వేళ్లు ఎత్తుతాడు. ఒక వేలంటే తీగలు. రెండు వేళ్లంటే మోటారు. మూడంటే ఇనుము, అంటే రాడ్లూ బుష్‌లూ. నాగవ్వ పోయి ఆ పని చేస్తుంది. మేస్త్రీ చెప్పాడు, ఆమె చేసింది. డ్రైవర్ల మనసు కుదుటపడింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కిందటేడు ఎండాకాలంలో షెడ్డు ముందే ఒక రాళ్ల లారీ టైరు పేలింది. ఎదురుగా హోటల్లో ఎవరి చేతిలోంచో గ్లాసు జారిపడింది, కుక్క ఊరవతలికి పరుగెత్తింది, నాగవ్వ గుండె పట్టుకుంది. ఎల్లప్ప మాత్రం మోకాలి మీద వాలిన ఈగను చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆమె ఆయన వెనక నిలబడి స్టీలు పళ్లెం కింద పడేసింది. నమ్మలేక ఇంకోసారి పడేసింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడింది.

ఆయన ఆ సంగతి ఆమెకు తెలియనివ్వలేదు. మామూలుగానే కళ్లు మూసుకునేవాడు, కాసేపాగి వేళ్లు ఎత్తేవాడు. అవి ఎప్పుడో ఒకసారి తగిలేవి. తగలనప్పుడు నాగవ్వ వేళ్ల అర్థాలు మార్చేసేది. రెండు వేళ్లంటే ఒకనాడు మోటారు, ఒకనాడు రెండో తీగ, ఇంకోనాడు రెండో బ్యాటరీ. రోగం తానే పట్టుకుని ఆయన పేరున చెప్పేది. అబద్ధమే. కానీ పూట పూటకూ అన్నం కలిపి పెట్టినంత మామూలుగా చెప్పే అబద్ధం.

నిరోషా వికారాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. "నాయినకు చెవికి మిషన్ వెట్టిద్దామే, మా తాన డాక్టరున్నడు" అని ఏడాదిగా పోరుతోంది. నాగవ్వ పడనివ్వలేదు. చెవికి మిషన్ పెట్టుకున్న మేస్త్రీకి చప్పుడు వినిపించడానికి ఎవడొస్తాడు? ఆయనకు మిగిలింది ఆ పేరొక్కటే. అది పోతే కుర్చీలో ఇంక మనిషి మిగలడని ఆమె భయం. "ముసలోనికి మిషనెందుకే" అని కొట్టేసేది. కొట్టేసిన ప్రతిసారీ ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ రోజుకు ముసురు పట్టి మూడు రోజులు. పది కావస్తుండగా నిగనిగలాడే పసుపు లారీ ఒకటి నెమ్మదిగా వచ్చి షెడ్డు ముందు ఆగింది. క్యాబిన్ చుట్టూ నీలం చారలు, తలుపు మీద కొత్తగా గీసిన రెండు నెమళ్లు. బండి వయసు ఇరవై రెండు. నడిపే బిచ్చయ్యకు అరవై ఒకటి. పద్దెనిమిదేళ్లుగా వాళ్లిద్దరూ విడిగా కనబడలేదు.

"ఆగమైన చెల్లె" అన్నాడు బిచ్చయ్య దిగుతూనే. తలకు కట్టిన తువ్వాలలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమైంది అన్నా?"

"వైపర్లు. సచ్చిన పాము లెక్క కదులుతున్నయ్. అటు వోయి ఇటొచ్చేసరికి అద్దం మీద మళ్ల నీళ్లే. గియ్యాల మూడు గొట్టేవరకు వికారాబాద్‌ల బండిని ఫిట్‌నెస్‌కు వెట్టాలె. నడుమ అనంతగిరి గుట్ట. గీ ఆనల ఏం గనవడ్తది? ఎట్లనో పోయిన అనుకో, ఆడ సారు ముందుగాల వైపరే ఎయ్యుమంటడు."

"పాసుగాకుంటె?"

"తుక్కుకే. బండి ఓనరు రాజేందర్ సేటు నిన్ననే జెప్పిండు. బండి వోతె నన్నెవడు వెట్టుకుంటడు చెల్లె? నా ఈడోనికి కొత్త బండి ఎవడిస్తడు?" నవ్వబోయాడు గానీ కుదరలేదు. "మొన్న టౌన్ల ఒక దుకాన్ల మోటరు గూడ మార్పిచ్చిన. కొత్త మోటరే. అయినా గదే నడక."

పుండొకచోట, మందొకచోట అనుకుంది నాగవ్వ. పైకి మాత్రం, "ముందుగాల మేస్త్రీకి ఇనిపియ్యి" అంది.

బిచ్చయ్య తువ్వాల విప్పి, ఎల్లప్ప ముందు వంగి దండం పెట్టి, బండెక్కి స్టార్టు చేశాడు. వైపర్ల స్విచ్చు నొక్కాడు. అవి అద్దం మీద బరువు మోస్తున్నట్టు కదిలాయి, సగం దాకా పోయి ఆలోచించుకుని మళ్లీ బయల్దేరాయి. ఎల్లప్ప కళ్లు మూసుకున్నాడు. నాగవ్వకు ఆ క్షణం ఎప్పుడూ కష్టమే. ఆయన లోపల ఏం వింటున్నాడో ఆమెకు తెలుసు, ఏమీ వినడం లేదు. కాసేపటికి రెండు వేళ్లు లేచాయి.

బిచ్చయ్య ముఖం పాలిపోయింది. నాలుగేళ్ల కింద వేళ్ల లెక్క మొట్టమొదట నేర్చుకున్నవాడు అతనే. వేరేవాళ్లకు చెప్పినట్టు అతనికి రెండో బ్యాటరీ కథ చెప్తే చెల్లదు.

"మోటరంటున్నడా? కొత్తదే గద మేస్త్రీ!"

"మోటరు వోయిందంటలేడు" అంది నాగవ్వ, ఆలోచించకుండానే. "మోటరును రాడ్ల నుంచి ఇడిపిచ్చి, ఉత్తగ తిప్పి చూడుమంటున్నడు."

అబద్ధమాడబోయి ఆమె సరైన మాటే అంది. నెమ్మదిగా నడిచే వైపర్‌కు ముందు చూడాల్సింది అదే, రోగం తిప్పేవాడిదా, తిరిగేవాటిదా అని. ఆమె కొంగు బిగించి డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుంది. మోకాళ్లు తలుపు బయట వర్షంలో ఉండిపోయాయి. చీకట్లో వేళ్లతోనే తడుముతూ మోటారుకు, రాడ్డుకు మధ్య నట్టు విప్పింది.

"ఇప్పుడెయ్యి."

మోటారు తిరిగింది. మీద ఏ బరువూ లేదు, పైగా కొత్తది, అయినా బద్ధకంగానే తిరిగింది. ఎద్దుకు మేత తక్కువైంది. మోటారుకు అందాల్సినంత కరెంటు అందడం లేదన్నమాట. రాడ్లను చేత్తో పట్టుకుని ఊపి చూసింది. అవి కూడా మొరాయించాయి. అంటే రోగాలు రెండు. ఒకదాని చాటున ఒకటి దాక్కున్నాయి.

ఆమె కిందికి దిగి ఎల్లప్ప ముందుకు పోయి, నట్టును ఆయన కళ్ల ముందు పట్టుకుని చూపించింది. "నువ్వన్నట్టే ఉన్నది. మోటరు మంచిగనే ఉన్నది, కరెంటు తక్వైతుంది." ప్రతి మెట్టుకూ వచ్చి చెప్పడం ఆమె అలవాటు. డ్రైవర్ల కోసం మొదలైంది, తర్వాత ఆమెకే అది చెప్పనిదే పని సాగేది కాదు. ఎల్లప్ప నట్టును ఒకసారి చూసి, నట్టు పట్టుకున్న చేతిని చాలాసేపు చూశాడు. "ఆ" అన్నాడు.

"అన్నా, పెద్ద లైట్లు ఎయ్యి" అంది మళ్లీ లారీ ఎక్కి. లైట్లు వెలగగానే మోటారు ఇంకా నీరసపడింది. ఆర్పగానే కోలుకుంది. లైట్లూ, వైపరూ కలిసి వాడుకునే దారిలో ఎక్కడో ఇరుకుంది. ఆమె బ్యాటరీ మైనస్ కొస నుంచి ఒక విడి తీగ లాక్కొచ్చి మోటారు ఒంటికి ఆనించింది. మోటారు బుర్రుమని ఎగిరి తిరిగింది. బిచ్చయ్య పైన సీట్లో "ఓ!" అన్నాడు. కరెంటు వచ్చే దారి బాగానే ఉంది. తిరిగి పోయే దారి, లారీ ఇనుములోంచి బ్యాటరీకి చేరే దారి, డ్రైవర్లు ఎర్తు అంటారే, అది మూసుకుపోయింది.

ఎక్కడ? ఎల్లప్ప అయితే వినేవాడు. నాగవ్వకు ఆ చెవి ఎన్నడూ లేదు. ఆమెకున్నది చేతి వెనక భాగం. లైట్లూ, వైపరూ రెండూ వేయించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంది. తర్వాత క్యాబిన్ లోపల తీగలు బిగించిన బోల్టుల మీద ఒక్కొక్కదాని మీద ఎడమచేతి వెనక భాగం ఆనిస్తూ పోయింది, పిల్లకు జ్వరం చూసినట్టు. చల్లగా, చల్లగా, చల్లగా. డ్రైవరు కాళ్ల పక్కన, రేకు వెనకాల ఉన్న బోల్టు వెచ్చగా తగిలింది. కరెంటు ఇరుకులో దూరేచోట ఇనుము వేడెక్కుతుంది. ఈ ఉపాయం ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఎల్లప్ప కూడా.

"ఎప్పటిసంది గిట్లయితుంది అన్నా?"

"మొన్న ఆయితారం సంది. రంగేపిచ్చినంక మొదటిపారి ఆనల తీసిన, గప్పుడే జూసిన."

"రంగెందుకు ఏపిచ్చినవ్?"

"ఫిట్‌నెస్‌కు వోయే బండి గాదు! సారు కండ్లకు ముద్దుగ కనవడద్దా? లోపట బయట మొత్తం ఏపిచ్చిన. పెయింటరు మస్తు పనోడు, ఒక్కొక్క బోల్టు ఇప్పి, కింద గూడ రంగేసి, మళ్ల బిగిచ్చిండు."

నాగవ్వకు నవ్వాగలేదు. డ్యాష్‌బోర్డు కింద పడుకునే కడుపు కదిలేలా నవ్వింది. పరీక్షకు పోయే పిల్లకు కళ్లనిండా కాటుక పెట్టి పంపినట్టు చేశాడు బిచ్చయ్య. ఎర్తు తీగ చివర ఉన్న ఇత్తడి వలయం ఇప్పుడు ఇనుము మీద కాదు, దిట్టమైన పసుపు రంగు మీద కూర్చుని ఉంది. బోల్టు మరలు తగిలిన మేరకు ఏదో కాస్త కరెంటు పోతోంది.

బోల్టు విప్పి, బ్లేడుతో రంగు గీకడం మొదలుపెట్టింది. వలయం కూర్చునే చోట పసుపు ఒక్కటే, కిందటి పెయింటర్లు బోల్టు విప్పలేదు. వలయం చుట్టూ మాత్రం పసుపు కింద ఆకుపచ్చ కనబడింది. బిచ్చయ్య తల వంచి చూశాడు.

"గది కరోన ఏడు. బండి ఆర్నెల్లు నిలవడ్డది. ఉత్తగుండలేక రంగేపిచ్చిన."

ఆకుపచ్చ కింద ఎరుపు. "గది నా పెద్దబిడ్డ పెండ్లి." ఎరుపు కింద నీలం. "గది నేను గీ బండి ఎక్కిన ఏడు." అతను ఆ నీలాన్ని బొటనవేలితో రుద్దాడు. "గప్పుడు సేటు వాళ్ల నాయిన ఉండె. గీ బండి నీదే బిచ్చయ్యా అన్నడు." నాగవ్వ ఆఖరి పొర కూడా గీకింది. అడుగున ఇనుము తెల్లగా మెరిసింది. వలయాన్ని కూడా రుద్ది మెరిపించి, బోల్టు బిగించింది.

రెండో రోగం బిచ్చయ్య చేతిదే. వైపరు కొమ్మలు తిరిగే ఇరుసుల్లో రోజూ పొద్దున దేవుడి దీపానికి పోసినట్టు పాత ఇంజను ఆయిలు పోసేవాడట, మంచిగ తిరుగుతుందని. ఆ ఆయిలుకు కరణ్‌కోట సిమెంటు పొడి అతుక్కుని, నల్లటి ముద్దయి, రాయిలా బిగుసుకుంది. ఆమె రెండు ఇరుసులనూ తట్టి బయటికి తీసి, డీజిలులో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ఇంతంత కొత్త గ్రీసు పెట్టింది.

"నూనె వోసుడు మంచిదే అన్నా. సిమెంటు బండికి గాదు."

"మేస్త్రీ తిడుతున్నడా?"

"ఆయిన తిడుతలేడు. నేనే."

ఒంటిగంట దాటింది. రాడ్లు మళ్లీ తగిలించి, నట్టు బిగించి, "ఎయ్యి" అంది. వైపర్లు చటుక్కున లేచి అద్దం మీద పరుగులు తీశాయి. అటు, ఇటు, అటు, ఇటు. నీళ్లు అంచులకు విసిరికొట్టినట్టు పోయాయి. పెద్ద లైట్లు వేసినా వేగం తగ్గలేదు. అద్దం వెనక బిచ్చయ్య ముఖం, చాలా రోజుల తర్వాత కడిగినట్టు, స్పష్టంగా కనబడింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

పెద్ద పని మీద పోయే బండి షెడ్డు కదిలే ముందు కొబ్బరికాయ కొడతారు ఆ రోడ్డు మీద. బిచ్చయ్య సీటు కింది నుంచి కాయ తీసి, ముందు చక్రం దగ్గరి రాతి మీద కొట్టాడు. సరిగ్గా రెండయింది. ఒక చిప్ప బండిది, డ్రైవరు తీసుకుంటాడు. రెండోది మేస్త్రీ వంతు. బండిని బాగుచేసిన చేతిలోనే పెట్టాలని లెక్క. ముప్పై నాలుగేళ్లుగా ఆ షెడ్డులో రెండో చిప్ప ఎల్లప్ప చేతిలోనే పడింది, చెయ్యి పడిపోయాక కూడా. బిచ్చయ్య దాన్ని ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"పోయొస్త మేస్త్రీ. నీ దయ."

"ఆ" అన్నాడు ఎల్లప్ప.

నాగవ్వ లారీ మెట్టు మీద నిలబడి, చివరిసారిగా లోపలి తీగలు సర్దుతోంది. బిచ్చయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"చెల్లె, మేస్త్రీ చెవులకు మిషన్ ఎందుకు వెట్టిస్తలేవు?"

ఆమె చెయ్యి తీగ మీదే ఆగిపోయింది. "మిషనెందుకు? మంచిగనే ఇనవడ్తది ఆయినకు."

"టైరు వలిగిననాడు నేను గా హోటల్ల ఛాయ్ తాగుతున్న. ఛాయ్ వారవోసుకున్నది నేనే" అన్నాడు బిచ్చయ్య నెమ్మదిగా. "గీ తొవ్వ మీద డ్రైవర్లందరికి ఎరుకనే."

"మరి... ఎందుకొస్తున్నరు?"

"నీ పనికే వస్తున్నం. రోగం నువ్వే పడ్తివి, మందు నువ్వే ఇస్తివి. ఆయిన వేళ్ల దిక్కు ఎందుకు జూస్తమంటె, నువ్వు జూస్తున్నవని, నీ మనసు నొవ్వద్దని." అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గప్పుడు నీ చేతిల బండి వెట్టనీకె అందరికన్న ముందుగాల భయపడ్డది నేనే. గందుకే నేనే చెప్తున్న. ముసలాయిన ఉత్తగ చెవిటోడై కూసున్నడు చెల్లె. ఆయిన్ను ఇననియ్యి."

లారీ కదిలి రోడ్డెక్కింది. నాగవ్వ వర్షంలోనే నిలబడిపోయింది. ముందు కోపం వచ్చింది, వీళ్లంతా కలిసి ఏడాదిగా తనను ఆడించారని. తర్వాత సిగ్గేసింది. ఊరందరికీ తెలిసిన రహస్యాన్ని తనొక్కతే మూటగట్టి మోసింది. ఆ తర్వాత వచ్చింది అసలు బాధ. మూడు రోజులుగా షెడ్డు రేకుల మీద ఇంత వాన కురుస్తుంటే ఆ చప్పుడు కూడా ఆయనకు లేదు. పేరు కాపాడుతున్నానని మనిషి చెవులు తానే మూసింది. ఎవరి కోసం? వినడానికి ఎవరూ రావడం లేదు కదా.

రేపు పొద్దున మొదటి బండికే వికారాబాద్ పోవాలి. నిరోషాకు ఇప్పుడే ఫోను చెయ్యాలి. కాదు, ముందు ఆయనకు చెప్పాలి. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గబగబా షెడ్డులోకి వచ్చింది.

ఎల్లప్ప కళ్లు మూసుకుని ఉన్నాడు, వింటున్నప్పుడు మూసుకునేటట్టే.

"నిరోష నాయినా" అంది ఎదురుగా నిలబడి, తన చెవి చూపిస్తూ. "రేపు వికారాబాద్ వోదాం. మిషన్ వెట్టిద్దాం. ఇగ ఫికర్ లేదు, అందరికి ఎరుకనేనంట. నేనే పిచ్చిదాన్నయిన." ఆమె నవ్వుతూనే చెప్పింది.

ఆయన కళ్లు తెరవలేదు. చేతిలో కొబ్బరిచిప్ప లేదు. కిందేమైనా పడిందేమోనని ఆమె వంగి చూసింది. అది కింద లేదు. కుర్చీకి ఎడమపక్కన, చెయ్యి చాస్తే అందీ అందనంత దూరంలో ఆమె పనిముట్ల రేకుపెట్టె ఉంటుంది. చిప్ప ఆ పెట్టె మీద ఉంది. ఎవరూ రాలేదు, ఆమె షెడ్డు ముందే ఉంది. ఆయన నడుము వంచి, బరువంతా ఎడమపక్కకు వేసి, పెట్టి ఉండాలి. శరీరం ఇంకా కొద్దిగా అటే ఒరిగి ఉంది.

ఆమె చేతి వెనక భాగం ఆయన మెడకు ఆనించింది. వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

నాగవ్వ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆయన ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మేస్త్రీ వంతు ఆమెదని పెట్టి పోయాడు, అంటే ఆయనకు అన్నీ తెలుసునన్నమాట. తన చెవులు పోయిన సంగతి ఆమెకు తెలుసని కూడా తెలుసు. తెలిసీ రోజూ కళ్లు మూసుకున్నాడు, వేళ్లు ఎత్తాడు, ఆమె ఆడుతున్న ఆట ఆమె కోసం ఆడాడు. ఒక్క మాట లేని మనిషి ఇంతకంటే ఎట్లా చెప్తాడు? అప్పుడు ఏడుపు వచ్చింది. హోటలాయన రోడ్డు దాటి వచ్చేదాకా ఆమె అట్లాగే ఏడ్చింది.

నిరోషా నాలుగింటికి చేరుకుంది. అప్పటికి ఎల్లప్పను షెడ్డులోనే చాప మీద పడుకోబెట్టారు. నలుగురు డ్రైవర్లు బయట లారీలు ఆపి, తలలకు కట్టిన తువ్వాళ్లు తీసి నిలబడ్డారు. నాగవ్వ ఫోను మోగితే నిరోషానే ఎత్తింది. కాసేపు విని, ఫోనును గుండెకు ఆనించుకుని, తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, బిచ్చయ్య మామ. నాయిన సంగతి ఆయినకింక ఎరుకలేదు. బండి పాసైందంట. మేస్త్రీకి జెప్పుమంటున్నడు." ఆ పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "ఏం జెప్పాలె?"

నాగవ్వ తల తిప్పి చూసింది. చాప మీది మనిషి వైపు కాదు, ఆయన ఖాళీ చేసిన కుర్చీ పక్కనున్న రేకుపెట్టె వైపు.

"నేను ఇన్న అని జెప్పు" అంది.

రేకుపెట్టె మీది చిప్పను ఎవరూ కదిలించలేదు. పైన రేకులో మేకు ఊడిన చోటునుంచి వాననీళ్లు ఒక్కొక్క చుక్కే జారి, ఆ తెల్లటి గిన్నెలో పడుతూ, నెమ్మదిగా నిండుతున్నాయి.